అడవికి శిష్యుడైన ఆల్బర్టు హోవర్డు

వైశాఖము ముదిరిన దినములలో మన భివండీ విడిచి వజ్రేశ్వరి త్రోవను పోవువారికి పొలములలో అక్కడక్కడ నల్లగా కాలిన మడులు కానవచ్చును. రైతులు చెట్ల కొమ్మలను, ఎండుటాకులను, పేడను, గడ్డిని వరినారు పోయవలసిన మడిపై పరచి, మీద పలుచగా మట్టి చల్లి నిప్పంటింతురు. ఇచ్చటి మరాఠీ రైతులు దీనిని రాబ్ అందురు. తొలకరి పడినంతనే ఆ బూడిద మడిలో విత్తనము చల్లుదురు. ఇది నిన్నటి నేటి ఆచారము కాదు. రాబ్ కొరకు అడవిలో కొమ్మలు కొట్టుకొను హక్కును గూర్చి ఠాణా జిల్లా రైతులకును అటవీశాఖకును తగవు పెరుగగా, బొంబాయి ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘపు నివేదిక 1887లో వెలువడెను.

రాబ్ వలన లాభము లేకపోలేదు. ఆ వేడికి కలుపు విత్తనములు చచ్చును. బూడిదలోని పొటాషు, సున్నము, భాస్వరము లేత మొలకకు వెంటనే అందును. అయితే ఎండుటాకు బరువులో సుమారు సగము కర్బనము. నిప్పు తగిలిన గడియలోనే అందులో పెద్దపాలు బొగ్గుపులుసు వాయువై, అనగా పాఠ్యపుస్తకములలో మీరు కార్బన్ డై ఆక్సైడ్ అని చదువు వాయువై, గాలిలో కలిసిపోవును. నత్రజని కూడ చాలవరకు దాని వెంటనే పోవును. అదే ఆకు కొంత దూరముననున్న తాన్సా అడవిలో రాలి, నిప్పు సోకకుండ నిలిచినచో, అది మెల్లమెల్లగా కుళ్ళి మన్నగును. కాలిన ఆకునకును కుళ్ళిన ఆకునకును గల ఈ భేదమును గూర్చి జీవితమంతయు ఆలోచించిన శాస్త్రజ్ఞుడొకడు కలడు. అతడు పుట్టినది ఇంగ్లండులో. నేర్చినది మన దేశపు పొలములలో.

ఆల్బర్టు హోవర్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ష్రాప్‌షైరు మండలమందలి బిషప్స్ కాసిల్ అను ఊరిలో రైతు కుటుంబమున జన్మించెను. పేడకుప్పయు, గడ్డివామియు, పశువుల కొట్టమును అతనికి పుస్తకములకంటె ముందు పరిచయమైన వస్తువులు. లండనులోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోను చదివి, 1899లో వెస్టిండీసు దీవులలోని బార్బడోసునకు బూజు తెగుళ్ళ పరిశోధకుడుగా వెళ్ళెను. చెరకునకు పట్టు తెగుళ్ళను సూక్ష్మదర్శినితో పరీక్షించి, రైతులకు మందులు చెప్పుట అచ్చట అతని పని. ఆ పని అతనికి రుచింపలేదు. తాను చెప్పు మందును తానే వేసి చూచుటకు అతనికి సొంత పొలము లేదు. ప్రయోగశాలలో కూర్చుండి ఆకు మీది మచ్చను చూచుటకంటె, ఆకు మచ్చపడకుండ చెట్టు పెరుగు విధమేదో తెలిసికొనవలెనని అతనికి తోచెను. తరువాత ఇంగ్లండులోని వై కళాశాలలో కొన్ని సంవత్సరములు బోధించి, 1905లో భారతదేశమునకు వచ్చెను.

ఆ సంవత్సరమే బొంబాయి నగరమున అతనికి గాబ్రియెల్ మత్తాయితో వివాహము జరిగెను. ఈమెను గూర్చి కొంత చెప్పవలసియున్నది. హోవర్డు కథ వ్రాయువారు ఈమెను ఒక వాక్యముతో దాటవేయుట కద్దు, అది న్యాయము కాదు. ఆమె కేంబ్రిడ్జిలో బ్లాక్‌మన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, ఆకు గాలినుండి బొగ్గుపులుసు వాయువును ఎంత వెలుతురులో, ఎంత వేడిలో ఎంతమాత్రము గ్రహించునో కొలిచిన వృక్షశాస్త్రజ్ఞురాలు. ఆకు ఆహారము తయారుచేయు వేగము, వెలుతురు, వేడి, వాయువు అను మూడింటిలో ఏది కొరవడినదో దానిచేత కట్టుబడియుండునని వారి పరిశోధనలు చూపెను. అనగా కర్బనము గాలినుండి ఆకులోనికి ప్రవేశించు ద్వారము ఆమెకు తెలియును. ఆకు రాలిన పిమ్మట ఆ కర్బనము ఎచ్చటికి పోవునను ప్రశ్న భర్తది. దంపతులిద్దరును కలిసి చక్రమును పూర్తిచేసిరని చెప్పిన తప్పుకాదు. 1913లో ప్రభుత్వము ఆమెను భర్త కార్యాలయముననే రెండవ వృక్షశాస్త్రజ్ఞురాలిగా నియమించెను.

వారి మొదటి స్థానము బీహారులోని పూసా. అచ్చటి వ్యవసాయ పరిశోధనాలయమున హోవర్డు కోరినది ముందుగా తన చేతిక్రింద కొంత భూమి. డెబ్బదియైదు ఎకరములు దొరికెను. భార్యాభర్తలు గోధుమలపై శ్రమించి సిద్ధపరచిన పూసా 4, పూసా 12 అను రకములు ఉత్తర హిందూస్థానమున విరివిగా సాగయ్యెను. అయితే హోవర్డునకు మిగిలిన గొప్ప లాభము వేరొకటి. పూసా చుట్టునున్న పల్లెల రైతులు ఏ మందును చల్లరు, ఏ సీమ ఎరువును కొనరు. అయినను వారి పైరులు ఆరోగ్యముగా నుండుట అతడు చూచెను. తెల్లదొర, కేంబ్రిడ్జి పట్టభద్రుడు, ప్రభుత్వోద్యోగి అయిన మనుష్యుడు ఆ రైతులకు బోధింపబోక, వారియొద్దనే పాఠము నేర్చుకొనుటకు నిశ్చయించెను. రైతులతోపాటు పురుగులను, తెగుళ్ళను కూడ అతడు తన గురువులుగా నెంచెను. పైరునకు పురుగు పట్టినదనిన, నేలలో ఏదో లోపమున్నదని ఆ పురుగు చెప్పుచున్నట్లు అతడు గ్రహించెడివాడు.

ఆ కాలమున శాస్త్రలోకమున మరొక మాట చెల్లుబడిలో నుండెను. 1840లో జర్మనుడైన లీబిగ్ మొక్కకు కావలసినవి మట్టిలోని ఖనిజ లవణములే అని స్థాపించి, కుళ్ళిన ఆకు మట్టే మొక్కకు ఆహారమను పాత నమ్మకమును త్రోసిపుచ్చెను. లీబిగ్ చెప్పినదానిలో నిజము కలదు. వేరు గ్రహించునది లవణములనే. కాని ఆ నిజమునుండి నేలకు కుళ్ళిన పదార్థము అక్కరలేదను అభిప్రాయము బయలుదేరెను. మొదటి ప్రపంచయుద్ధమునందు మందుగుండునకై నత్రజనిని పట్టిన కర్మాగారములు యుద్ధానంతరము ఎరువులవైపు మరలగా, ఆ అభిప్రాయమునకు వ్యాపారబలము కూడ చేకూరెను.

1924లో హోవర్డు ఇండోరు చేరెను. ఇది మన నిజామాబాదునకు పాతపేరైన ఇందూరు గాదు. మధ్యభారతమునందలి హోల్కరుల ఇండోరు. అచ్చట మూడువందల ఎకరముల నల్లరేగడిపై వృక్ష పరిశోధన సంస్థ వెలసెను. దానికి ధనమిచ్చినవారు కొన్ని సంస్థానములవారును, భారత కేంద్ర పత్తి సంఘమువారును. పత్తి అనగానే మన పిల్లలు చెవులు రిక్కింతురని నాకు తెలియును. శాంతి నగరమున మన ఇండ్లను నిలుపు మగ్గములకు మూలము పత్తియే కదా. నూలుదారము దాదాపు అంతయు సెల్యులోజు. ఒకనాడు గాలిలో తిరుగాడిన కర్బనమునే పత్తిచెట్టు పట్టి కాయలో దూదిగా దాచినది. నూలు పాతబడి మట్టిలో పడినచో కుళ్ళును. నేడు మన మగ్గములపై విరివిగా నడచు పాలియెస్టరు దారము అట్లు కుళ్ళదు.

ఇండోరులో హోవర్డునకు ఎదురైన మొదటి చిక్కు నల్లరేగడియే. నల్లని నేలను చూచినవారు అది ఆకుమట్టితో నిండిన సారవంతమైన నేల అని భ్రమింతురు. మన తెలంగాణ పత్తి చేలను గూర్చియు ఇట్లే అనుకొనువారు కలరు. రేగడి నలుపునకు కారణము అందలి బంకమన్ను, ఖనిజములు. అందు సేంద్రియ కర్బనము నూటికి ఒక పాలుకూడ లేని చేలు కోకొల్లలు. వానకు బంకయై, ఎండకు నెరియలు విచ్చు ఆ నేలకు ప్రాణము పోయవలెనన్న కుళ్ళిన పదార్థము కావలెను. ఎచ్చటినుండి తెచ్చుట? పశువుల పేడ పిడకలై పొయ్యిలోనికి పోవుచుండెను. పత్తికట్టె యున్నది గాని అది కఱ్ఱవలె గట్టిది; త్వరగా చివుకదు.

ఈ చిక్కునకు జవాబు అతనికి అడవిలో దొరికెను. అడవికి ఎరువు తోలువారు లేరు, నీరు కట్టువారు లేరు, దున్నువారు లేరు. అయినను ఏటేట చెట్లు పెరుగుచునే యుండును, నేల చవిటిబారదు. అచ్చట ఒకే జాతి చెట్టు మాత్రమే యుండదు; చెట్టు, తీగ, గడ్డి, పురుగు, పక్షి, మృగము కలిసి జీవించును. నేల ఎన్నడును వట్టిగా ఎండకు మాడదు. ఆకుల దుప్పటి కప్పుకొనియుండును. రాలినది రాలినచోటనే మరల నేలకు చేరును. మానవుడు చేయవలసిన సేద్యమునకు అడవియే మాదిరి అని హోవర్డు సిద్ధాంతము.

అడవి నేలలో జరుగు పనిని కొంచెము నిదానముగా చూతము. మన తాన్సా కొండలలోను, నల్లమలలోను టేకు, మద్ది, మోదుగ మొదలగు చెట్లు శీతకాలము గడచిన పిదప ఆకు రాల్చును. మొదట చెదలు, రోకలిబండలు, వానపాములు ఆ ఆకును కొరికి తునకలు చేయును. తొలకరి తడి తగులగానే బూజు తెల్లని దారములుగా పాకి, ఆకులోని గట్టిపదార్థమగు లిగ్నిన్‌ను విడదీయును. పిమ్మట కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది చేరును. ఇవి అన్నియు మనవలెనే తిని, ఊపిరి విడుచును. కావున ఆకులోని కర్బనములో పెద్దపాలు మరల బొగ్గుపులుసు వాయువై గాలిలోనికే పోవును. చెట్టు మరల దానిని ఆకుతో పట్టుకొనును. ఇట్లు తిరిగి తిరిగి వచ్చునదే కర్బన చక్రము. ఒక చిన్న పాలు మాత్రము నేలలో నిలిచిపోవును. ఆకు పోయినను, దానిని తిన్న సూక్ష్మజీవుల శరీర శేషములు బంకమన్ను రేణువులను అంటిపెట్టుకొని పదుల సంవత్సరములు, ఒక్కొక్కచోట వందల సంవత్సరములు ఉండును. ఆకు ఒక్కటే కాదు. వేళ్ళు చచ్చి కుళ్ళినవియు, బ్రదికియున్న వేరు మట్టిలోనికి వదలు తీపి రసమును కూడ ఈ నిలువలో చేరును.

ఈ చిన్న పాలును తక్కువగా చూడరాదు. ప్రపంచమునందలి నేలలలో పై మీటరు లోతువరకు నున్న సేంద్రియ కర్బనము ఇంచుమించు 1,50,000 కోట్ల టన్నులని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. గాలిలోనున్న కర్బనమును, చెట్టుచేమలలోనున్న కర్బనమును కలిపినను అంత కాదు. మన దేశపు అడవులలో నిలిచియున్న కర్బనమును 2021లో సుమారు 720 కోట్ల టన్నులుగా అటవీ సర్వేవారు లెక్కించిరి. అందు సగమునకు మించినది మానులలో లేదు, మట్టిలో నున్నది. చెట్టు కొట్టినప్పుడు మనకు కనబడు నష్టము ఒకటి, కనబడనిది మరొకటి. ఆకు దుప్పటి పోయి, నాగలి తగిలి, ఎండ సోకినచో శతాబ్దములు కూడిన నిలువలో పెద్దభాగము కొద్ది దశాబ్దములలో గాలిపాలగును. శీతదేశములలో ఆకు ఏండ్లతరబడి కుళ్ళక పడియుండును గాని, మన ఉష్ణదేశపు అడవిలో త్వరగా జీర్ణమగును. అందుచేత మన నేలల నిలువ ప్రతి సంవత్సరము క్రొత్తగా నిండుచుండవలెను.

ఆ దుప్పటి నీటినికూడ పట్టియుంచును. బొంబాయికి 1892నుండి నీరిచ్చుచున్న తాన్సా చెరువు చుట్టును అడవి యుండుట కేవలము అలంకారము కొరకు కాదు. కుళ్ళిన ఆకుమట్టి దూదివలె వానను పీల్చి మెల్లగా విడుచును. అది లేని కొండపై వాన మట్టిని కడిగి చెరువులో పూడికగా నింపును.

ఇక ఇండోరులో హోవర్డు చేసినది ఈ అడవి పనినే పొలము గట్టుకు తెచ్చుట. అతనికి తోడుపడినవాడు యశ్వంత్ వాడ్ అను మన దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు. మొదట పత్తికట్టెను లొంగదీయవలెను. దానికి యంత్రము తేలేదు. కట్టెను క్షేత్రములోని బండ్లబాటలపై పరచిరి. ఎడ్ల గిట్టలును, బండి చక్రములును దానిని నలిపి పొడిచేసెను. ఆ పొడిని పశువుల కొట్టములో పరుపుగా వేసిరి. మూత్రముతో తడిసిన ఆ పరుపును, పేడను, మూత్రము పీల్చిన మట్టిని, కొంచెము కట్టెబూడిదను గుంటలో పొరలుపొరలుగా పేర్చి, నీరు చల్లి, గాలి ఆడునట్లు వదులుగా నుంచిరి. కొద్దిదినములలోనే గుంట చేయిపెట్టలేనంత వేడెక్కును. నిర్ణీత కాలములలో మూడుమార్లు తిరుగవేసినచో సుమారు మూడు నెలలలో నల్లని, పొడియైన, మంచి మట్టివాసన గల ఎరువు సిద్ధమగును.

ఇందులోని కీలకమేమనగా, సూక్ష్మజీవికి ఆహారముగా కర్బనమును, శరీరము కట్టుకొనుటకు నత్రజనియు కావలెను. వట్టి పత్తికట్టెలో కర్బనము మెండు, నత్రజని స్వల్పము. అట్టిదానిని నేరుగా చేనిలో కలిపినచో సూక్ష్మజీవులు నత్రజనికై నేలను దోచుకొనును, పైరు పసుపుబారును. అందుచేత సుమారు 33 పాళ్ళ కర్బనమునకు ఒక పాలు నత్రజని యుండునట్లు కలుపవలెనని హోవర్డు, వాడ్ నిర్ణయించిరి. కుళ్ళుట పూర్తియగుసరికి కర్బనము చాలవరకు పోయి, నిష్పత్తి ఇంచుమించు పదికి ఒకటి అగును. పెంటకుప్ప మన తాతలెరుగనిది కాదు. తెలుగు పల్లెలలో కానుగ రొట్ట, జిల్లేడు రొట్ట మడిలో త్రొక్కుట, చేనిలో గొర్రెల మంద నిలుపుట, ఎండిన చెరువు మట్టిని బండ్లతో తోలుట అనాదిగా నున్నవే. హోవర్డు కనిపెట్టినది కుప్పను కాదు. కుప్పలో జరుగుదాని కారణమును, కొలతను. తూర్పుదేశపు రైతులనుండి నేర్చితినని అతడు దాచక చెప్పుకొనెను.

అతని క్షేత్రమున కూలీలకు జీతము సకాలమున ముట్టుచుండెను. విశ్రాంతికిని, వసతికిని, వైద్యమునకును ఏర్పాట్లుండెను. భూమిని కాపాడ దలచినవాడు దానిపై పనిచేయువారిని మరువలేదు.

1926లో బొంబాయిలో జరిగిన భారత విజ్ఞాన మహాసభకు హోవర్డు అధ్యక్షుడయ్యెను. 1930లో గాబ్రియెల్ జెనీవాలో మరణించెను. ఇరువదియైదేండ్ల తోడు పోయిన పిమ్మట అతడు ఇండోరులో నిలువలేదు. 1931లో ఉద్యోగము విరమించి స్వదేశము చేరెను. అదే సంవత్సరమున హోవర్డు, వాడ్ పేర్లతో ఇండోరు పద్ధతిని వివరించు గ్రంథము వెలువడెను. గాబ్రియెల్ చెల్లెలైన లూయీజును అతడు పిమ్మట వివాహమాడెను. 1934లో ప్రభువు అతనికి సర్ బిరుదు నొసగెను. 1935లో మహాత్మాగాంధి ఇండోరు వెళ్ళి ఆ ఎరువు గుంటలను స్వయముగా చూచెను. ఖద్దరు నూలు వడకించిన మహాత్మునికి పత్తికట్టె ఎరువగు విధము నచ్చుటలో వింతలేదు.

స్వదేశమున హోవర్డు మాటకు శాస్త్రజ్ఞులనుండి ఎదురుగాలి వీచెను. 1940లో తన అనుభవమునంతయు ఒక పెద్ద గ్రంథముగా వెలువరించి, వేళ్ళకును బూజునకును గల స్నేహమును, దానికి ఆకుమట్టితో గల సంబంధమును ఉత్సాహముతో వర్ణించెను. ఆ ఉత్సాహము ఒక్కొక్కచోట హద్దు దాటెనని నా అభిప్రాయము. మంచి ఆకుమట్టి యున్నచో మొక్కకు, పశువునకు, మనుష్యునకు కూడ రోగములు రావన్నంత దూరము అతడు పోయెను. అంతటి మాట పరీక్షకు నిలువలేదు. రసాయనపు ఎరువులపై అతనికి గల పగయు అట్టిదే. 1960ల తరువాత మన దేశము తన తిండి తాను పండించుకొనుటలో ఆ ఎరువులకు పాలు కలదు. పత్తికట్టెయు పేడయు ఎంత కూర్చినను దేశమంతటికి చాలినంత నత్రజని రాదు. ఆకుమట్టి స్వరూపమును గూర్చి అతని కాలపు అభిప్రాయములు కూడ నేడు మారినవి. అయినను ఎరువు బస్తా వేయుచు ఆకుమట్టిని మరచిన చేలలో, వేసిన లవణము నిలువక కొట్టుకొనిపోవుట నేడు రైతులు చూచుచున్నారు. మట్టిలోని సేంద్రియ కర్బనమును పరీక్షించి రైతునకు కాగితమిచ్చు పథకమును భారత ప్రభుత్వము 2015లో ప్రారంభించెను.

పోడును గూర్చియు ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. తెలుగుదేశపు మన్యములలో గిరిజనులు అడవి కొట్టి, కాల్చి, రెండు మూడేండ్లు పండించి విడుచుచుండిరి. హోవర్డు సిద్ధాంతము చదివినవారు వారిని నిందింప తొందరపడుదురు. విడిచిన నేల దీర్ఘకాలము బీడుండినచో అడవి మరల పెరిగి మట్టి నిలువ నిండును. ఆ కాలము కుదించుకొనిపోయిననే నేల చెడును. ఆ కుదింపునకు కారణము గిరిజనుడొక్కడే కాదు. తునికాకు చిగురు బాగుగా వచ్చుటకును, ఇప్పపువ్వు ఏరుకొనుట సులువగుటకును చెట్లక్రింద పెట్టు నిప్పు సంగతి వేరు. అది గట్టు దాటి ఆ యేటి ఆకు దుప్పటినంతయు కాల్చివేయును. మన ఇండ్లలో బీడీలు చుట్టిన పెద్దలకు ఆ ఆకు ఎచ్చటినుండి వచ్చునో తెలియును.

వార్ధక్యమునందును హోవర్డు కలము విడువలేదు. వానపాములు నేలను తయారుచేయు విధమును గూర్చి డార్విన్ 1881లో వ్రాసిన గ్రంథము 1945లో మరల అచ్చుపడగా, దానికి ముందుమాట వ్రాసినవాడు హోవర్డే. భారతదేశము స్వతంత్రమైన రెండు నెలలకు, 1947 అక్టోబరు 20వ తేదీన, లండనులోని బ్లాక్‌హీత్‌లో అతడు కన్నుమూసెను. అతడు భారతదేశమున చేసిన పనినంతయు లూయీజు ఒక గ్రంథముగా కూర్చి 1953లో ప్రకటించెను. పత్తికట్టె నలిగిన ఆ ఇండోరు క్షేత్రమున తరువాతి కాలమున వ్యవసాయ కళాశాల వెలసెను.